పాపక్క అందించని మాట

మొదటిసారి చదివిన రోజు ఆఖరి పేజీ దగ్గరికి రాగానే అందరూ కాగితం తిప్పి చూశారు. వెనకవైపు తెల్లగా ఉంది. అంజినప్ప తన కాగితాల కట్టను మోకాలి మీద తట్టి సరిచేసుకుని, మళ్ళీ మొదటి నుంచి తిరగేసి, "అక్కా, జెరాక్స్ అంగట్లో ఒక షీటు తినేసినట్టుండారు" అన్నాడు.

"ఎవరూ తినలేదు అంజినప్పా. నాటకం అంతే" అంది పుష్పావతి.

ఆ పేజీలో ఉన్నది ఒక్క ముక్కే. అతను జవాబు చెప్పడు, పంపు అందుకుని తన సైకిలుకు తనే గాలి కొట్టుకుంటాడు, దీపాలు ఆరిపోతాయి.

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో అప్పటికి ఇళ్ళకంటే ఖాళీ సైట్లే ఎక్కువ. ఉన్న ఇళ్ళలోని తెలుగువాళ్ళు, చుట్టుపక్కల పాత ఊళ్ళలోని తెలుగువాళ్ళు కలిసి ఒక స్నేహ సమితి పెట్టుకున్నారు. దానికి వెంకటేశ్వర్లు కార్యదర్శి. కర్నూలు మనిషి, కంప్యూటర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఉగాదికి కల్యాణ మంటపం మాట్లాడటం దగ్గర్నుంచి భోజనాల వరకు ఆయన చేతి మీదే నడిచేది. రిహార్సల్స్ కూడా ఆయన మేడ మీదే, నీళ్ళ ట్యాంకు పక్కన రేకుల షెడ్డు కింద.

నాటిక రాసేది మాత్రం పుష్పావతి. హిందూపురంలో డిగ్రీ చదివే రోజుల్లోనే కాలేజీ నాటకాలకు ఆమె రాసిచ్చేది. పెళ్ళయి బెంగళూరు వచ్చాక ఇల్లు, పిల్లలు, భర్త బ్యాంకు ఉద్యోగం. ఏం చేసినా కొలిచి చేసే మనిషి. ఆమె వంటింట్లో ఏ డబ్బా మూత ఆ డబ్బాకే ఉంటుంది. కాఫీ పొడి ఒకసారి ఎక్కువైందని ఎవరైనా అనగా విన్నవాళ్ళు లేరు.

కిందటి ఉగాదికి ఆమె రాసిన నాటిక చివర వెంకటేశ్వర్లు ఎవరికీ చెప్పకుండా తనే వేదిక ఎక్కాడు. ఐకమత్యం గురించి తోచినంతసేపు మాట్లాడి, ఆ పైన మైకులో రచయిత్రిగా ఆమె పేరు పిలిచాడు. ఆమె లేచి నిలబడి చేతులు జోడించింది. ఆటోలో ఇంటికి వెళ్తూ, పేరు నాది మాటలు ఇంకొకరివి అయితే ఎట్లా అని భర్తతో అంది. అందుకే ఈసారి కాగితాలు చేతికిచ్చే ముందే షరతు పెట్టింది. చివర ఒక్క మాట చేర్చినా నాటిక వెనక్కి తీసుకుపోతాను అని. వెంకటేశ్వర్లు చదవకుండానే ఒప్పుకున్నాడు. పండగ ఇంకా దూరంగా ఉన్నప్పుడు ఎవరైనా దేనికైనా ఒప్పుకుంటారు.

కథ చిన్నదే. హొసకోటెలో ఒక సైకిల్ షాపు. షాపతను, అతని పాత స్నేహితుడు ఒకప్పుడు ఒకే ఫ్యాక్టరీలో పనిచేశారు, ఒకే క్యారియర్‌లో అన్నం తిన్నారు. సమ్మె రోజుల్లో ఎవరో మేనేజరుకు పేరు చెప్పడంతో షాపతని ఉద్యోగం పోయింది. స్నేహితుడు మాత్రం రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. ఇప్పుడు ఆ స్నేహితుడు గాలిలేని సైకిలు నడిపించుకుంటూ వస్తాడు. ఇద్దరూ టీ తాగుతారు, నవ్వుకుంటారు, పాత ఫోర్మన్‌ను తిట్టుకుంటారు. ఆఖర్న షాపతను పంపు పక్కన పెట్టి, "నా పేరు చెప్పింది నువ్వేనా? చెప్పేదాకా గాలి కొట్టను" అంటాడు. అప్పుడు ఆ స్నేహితుడు ఏమీ అనకుండా తనే పంపు అందుకుంటాడు.

షాపతని వేషం అంజినప్పది. పక్క ఊరు అగరలో ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి అతనికి, నోరు తెరిస్తే నవ్వించే మనిషి. స్నేహితుడి వేషం వెంకటరమణప్పది. కోలారు జిల్లాలో పుట్టి, ఫ్యాక్టరీ ఉద్యోగానికి బెంగళూరు వచ్చి, రిటైరయ్యి అగరలోనే ఇల్లు కట్టుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు ముళబాగిలు చుట్టుపక్కల జాతర్లలో పద్యనాటకాలు ఆడినవాడు. ధర్మరాజు వేషానికి పెట్టింది పేరు. ఇప్పటికీ గొంతు కంచులా మోగుతుంది. నడక, కూర్చోవడం, టీ గ్లాసు పట్టుకోవడం అన్నీ పుష్పావతి అనుకున్నదానికంటే బాగా చేశాడు. రానిది ఒక్కటే, ఊరికే ఉండటం.

మొదటి రిహార్సల్లో పంపు పట్టుకోగానే రాగం తీసి, "మిత్రమా, నన్ను మన్నించు" అన్నాడు. అది కాగితంలో లేదని పుష్పావతి ఆపింది. రెండోసారి మాట్లాడలేదు కానీ భోరున ఏడ్చాడు. ఏడుపు కూడా జవాబే అన్నా అని చెప్పింది. మూడోసారి నిజంగానే నోరు మూసుకున్నాడు. పంపు రెండుసార్లు కొట్టాడో లేదో, ట్యాంకు వెనక నుంచి ఒక గొంతు మెల్లగా, స్పష్టంగా వినిపించింది.

"అవునప్పా, నేనే."

"అవునప్పా, నేనే" అన్నాడు వెంకటరమణప్ప.

ఆ గొంతు పాపక్కది, ఆయన భార్యది. నాటకాల్లో తెర పక్కన కూర్చుని, మరిచిపోయిన మాట అందించే పని ఆమెది. ఆయన ఏ వేషం కట్టినా ఆమే అందించాలి, ఇంకొకరు అందిస్తే ఆయనకు చెవికెక్కదు. ఆమెకు తెలుగు మాటే గానీ అక్షరం రాదు, బడిలో చదివింది కన్నడం. అందుకని పుష్పావతి నాటిక మొత్తం కన్నడ అక్షరాల్లో ప్రత్యేకంగా రాసిచ్చింది. అందులో 'అవునప్పా, నేనే' లేదు.

కాగితంలో లేని మాట ఎట్లా అందించారు పాపక్కా అని అడిగితే ఆమె ఏ మాత్రం తడబడలేదు. "కాగితంలో లేకపోతే ఏమమ్మా. ఆయప్ప నోరు ఆడకపోతే నాకు ఒళ్ళు నిలవదు. తోచింది ఇచ్చినా."

"నేనేం చేసేది పుష్పమ్మా" అన్నాడు ఆయన. "ఆమె అందించింది, నేను అందుకున్న్యా. ముప్పై ఏండ్ల రూఢి."

ఇంట్లో కూడా ఇంతేనా అన్నా అని అంజినప్ప అడిగాడు. "ఇంట్లో అయితే అందించేది, అనేది రెండూ ఆమే" అన్నాడు వెంకటరమణప్ప.

మార్చి నెల మొదట్లో ఒక ఆదివారం పొద్దున సమితి సభ్యులు నాటిక చూడటానికి మేడ మీదికి వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలు వేసి కాఫీలిచ్చారు. ఇది కుదరకపోతే ఆ సమయానికి పిల్లల సినిమా పాటల డాన్సు సిద్ధంగా ఉందని వెంకటేశ్వర్లు ముందే చెప్పి ఉంచాడు. పాపక్క ఈసారి ఏమీ అందించనని పుష్పావతికి మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి చీర కొంగు పళ్ళ మధ్య బిగబట్టుకుని కూర్చుంది.

అంతా బాగానే నడిచింది. ఫోర్మన్ మాటలకు అందరూ నవ్వారు. అంజినప్ప ప్రశ్న అడిగాడు. వెంకటరమణప్ప పంపు అందుకుని గాలి కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టాడు, ఆగాడు, ట్యాంకు వైపు చూశాడు. కుర్చీల్లోంచి ఒకాయన పక్కాయనతో, "మరిచిపోయినట్టుండాడే" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకటరమణప్ప చెవులు ఎర్రబడ్డాయి. మరుక్షణం ఆయన పంపు వదిలేసి, రెండు చేతులూ చాచి, మేడ దద్దరిల్లేలా రాగం తీశాడు. "మిత్రమా... నన్ను మన్నించు."

చప్పట్లు మోగాయి. వెంకటేశ్వర్లు కుర్చీలోంచి లేచాడు. "ఇదీ మేడమ్, ఇది కావాలి. ఎండింగ్‌లో పంచ్ ఉండాలి. ఎక్కడ క్లాప్ కొట్టాలో జనానికి మనమే చెప్పాలి కదా."

పుష్పావతి కప్పులు ట్రేలో సర్దుతూ, ఆ మాటే ఉండేటట్టయితే నాటిక ఉండదని నింపాదిగా చెప్పింది. గొంతు పెంచలేదు. వెంకటేశ్వర్లుకు ఆమె సంగతి తెలుసు. తల గోక్కుని, వచ్చే ఆదివారం ఇంకొకసారి చూస్తామని, అప్పటికీ ఆయన బొమ్మలా నిలబడిపోతే డాన్సే పెట్టుకుంటామని అన్నాడు. సరే అంది.

ఒక్క మాటే కదా, పోనివ్వరాదా అని ఆ పూట భోజనాల దగ్గర భర్త అన్నాడు. ఆ ఒక్క మాట పడితే, దానికి ముందు రాసినదంతా దాని కోసమే రాసినట్టు అవుతుంది అంది పుష్పావతి. ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె అగరకు పోయింది. పాపక్క వాకిట్లో గోనె పరుచుకుని కొత్త చింతపండు కొట్టి గింజలు తీస్తూ ఉంది. పుష్పావతి కూడా పక్కన కూర్చుని ఒక గుప్పెడు ముందుకు లాక్కుంది. కాసేపు ఇద్దరూ గింజలే తీశారు. ఆ తర్వాత పాపక్క తనంతట తనే మొదలుపెట్టింది.

పెళ్ళయిన కొత్తలో ముళబాగిలు పక్క జాతరలో ఆయన ధర్మరాజు. సభలో నిలబడి పద్యం ఎత్తుకోవాలి. పద్యం రాలేదు. హార్మోనియం ఆయన ఎత్తుగడ వాయించాడు, మళ్ళీ వాయించాడు, వాయిస్తూనే ఉన్నాడు, పద్యం మాత్రం రాలేదు. చివరికి తెర దించారు. అప్పటినుంచి ఆ చుట్టుపక్కల ఆయనకు పేరే పడిపోయింది, హార్మోనీ ధర్మరాజు అని. సంతకు పోతే కూరగాయలమ్మేవాళ్ళు కూడా ఆయన్ని చూసి ముక్కుతో రాగం తీసేవాళ్ళు. తర్వాతి నాటకానికి పాపక్క పద్యాలన్నీ తను నోటికి నేర్చుకుని తెర పక్కన కూర్చుంది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆయన వేదిక మీద నోరు ఎండి నిలబడింది లేదు.

"నీ నాటకం మంచిదే పుష్పమ్మా. నేను కాదనలేదు" అంది పాపక్క. "కానీ స్టేజీ మీద మనిషి సుమ్నే, మాట లేకుండా నిలబడుకుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? మరిచిపోయినాడనే కదా. నిన్న అననే అనిరి. ఆయప్ప ఇంటికొచ్చి అన్నం తినలేదు."

తను అడుగుతున్నది చిన్న పని కాదని పుష్పావతికి అర్థమయింది.

ఇంతలో పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి పాపక్కతో చీటీ డబ్బుల సంగతి మాట్లాడటం మొదలుపెట్టింది. లోపలి నుంచి వెంకటరమణప్ప గుమ్మంలోకి వచ్చి, కళ్ళద్దాల కోసమని చేత్తో సైగ చేశాడు. పాపక్క ఆవిడ మాటలకు ఊఁ కొడుతూనే, ఆయన వైపు చూసి గొంతు లేకుండా పెదాలు కదిలించింది. ఆయన తలాడించి లోపలికి పోయి, కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చాడు. అలమారలోనో, టీవీ మీదో, ఎక్కడని చెప్పిందో పుష్పావతికి తెలియలేదు. ఆయనకు తెలిసింది.

పుష్పావతి చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది.

ఇంటికి వచ్చి ఆఖరి పేజీ ముందు పెట్టుకుంది. మిగతా నాటిక అంతా మాట మాటా తూచి రాసింది. ఫోర్మన్ తిట్టు ఒక్కటి నాలుగు రకాలుగా రాసి చూసుకుంది. అన్నిటికంటే ముఖ్యమైన చోట మాత్రం జవాబు చెప్పడు అని రాసి ఊరుకుంది. ఆ ముసలాయన చేతికి పంపు ఇచ్చింది గానీ మనసుకు పట్టుకోవడానికి ఏమీ ఇవ్వలేదు. ఊరికే ఉండమంటే ఎవరుంటారు? కుక్కర్ చల్లారేలోపు ఒక పేజీ, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు ఇంకొకటి రాసింది. రెండూ కొట్టేసి, మూడోది ఉంచుకుంది. అది కన్నడ అక్షరాల్లోకి ఎత్తి రాసి, సాయంత్రం మళ్ళీ అగరకు పోయింది.

"ఇది ఆయన మనసులో మాట్లాడుకునేది" అని పాపక్క చేతికి ఇచ్చింది. "ఆయన నేర్చుకోవాలి. పైకి అనకూడదు. మీరు అందించాలి, గొంతు లేకుండా, పెదాలతోనే. పంపు మీద ఒక దెబ్బకు ఒక మాట."

పాపక్క గుమ్మంలో వెలుతురుకు పెట్టి చివరిదాకా చదివింది. తర్వాత కాగితం తిప్పి చూసింది.

"అవునా కాదా, దీంట్లోనూ రాయలేదే నువ్వు."

"లేదు."

"నీకైనా తెలుసునా?"

"తెలుసు."

"చెప్పు మరి."

"చెప్తే మీరు అందించేస్తారు" అంది పుష్పావతి.

పాపక్క నవ్వు ఆపుకోలేక కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ వారమంతా వాళ్ళు ఇంట్లోనే సాధన చేశారు. సైకిలు వాకిట్లో నిలబెట్టి ఆయన పంపు కొట్టడం, ఆమె గుమ్మంలో కూర్చుని పెదాలు కదిలించడం. వీధిలో పోయేవాళ్ళకు మొగుడూ పెళ్ళాం అలిగి మాటలు మానేసినట్టు కనిపించిందట. సైకిలు ట్యూబు ఒకటి పేలిపోయింది కూడా. అంజినప్పకు మాత్రం ఆ పేజీ చూపించవద్దని పుష్పావతి గట్టిగా చెప్పింది. అతను మొదట బతిమాలాడు, తర్వాత అలిగాడు. "నా నాటకంలో నాకే తెల్లేదంటే ఎట్లక్కా. అడిగేది నేను కదా."

"అందుకే తెలియకూడదు" అంది.

రెండో ఆదివారం మేడ మీద ఆఖరి ఘట్టంలో ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కూడా కొట్టలేదు. వెంకటేశ్వర్లు కొంతసేపు గడ్డం పట్టుకుని కూర్చుని, చూస్తుంటే బాగానే ఉంది గానీ క్లాప్ ఎక్కడ మేడమ్ అన్నాడు. ఇచ్చిన మాట ప్రకారం నాటికను కార్యక్రమంలో ఉంచాడు. కానీ నాటిక కాగానే తను మైకులో రెండు మాటలు చెప్తానని అన్నాడు. తెర పడిన తర్వాత మీ ఇష్టం అంది పుష్పావతి.

ఉగాది సాయంత్రం కల్యాణ మంటపం నిండిపోయింది. అత్తిబెలె నుంచి కూడా కుటుంబాలు వచ్చాయి. పిల్లలు వరసల మధ్య పరుగెత్తుతున్నారు, వెనకాల వంటవాళ్ళు గంటెలు మోగిస్తున్నారు. పుష్పావతి తెర పక్కన, పాపక్కకు ఎదురుగా నిలబడింది. అక్కడి నుంచి ఆమెకు పాపక్క పెదాలు, వెంకటరమణప్ప చేతులు రెండూ కనిపిస్తాయి. ఆ చోటు ఆమె మధ్యాహ్నమే వచ్చి చూసుకుని పోయింది.

ఫోర్మన్ తిట్లకు జనం నవ్వారు. టీ గ్లాసు కింద పెట్టి అంజినప్ప లేచాడు. ఎప్పుడూ నవ్వు మొహమే అయిన మనిషి నవ్వు లేకుండా, "నా పేరు చెప్పింది నువ్వేనా?" అని అడిగాడు. "చెప్పేదాకా గాలి కొట్టను."

వెంకటరమణప్ప పంపు అందుకున్నాడు. పాపక్క పెదాలు కదిలాయి.

మేనేజరు గదిలో ఫ్యాను తిరుగుతాండాది. పంపు కిందికి దిగింది. కూర్చో అన్నాడు. అన్నేండ్లలో నన్ను ఆ గదిలో ఎవురూ కూర్చోమనలేదు. పంపు లేచింది, దిగింది. కుర్చీ మెత్తగా ఉండాది. టీ తెప్పించినాడు, సాసరుతో.

మంటపంలో చప్పుడు తగ్గింది. ఏమీ జరగడం లేదని పిల్లలు కూడా వేదిక వైపు తిరిగారు. వెనక వరసల్లోంచి ఒక గొంతు, "మరిచిపోయినాడురా" అంది.

పాపక్క కళ్ళు ఒక్కసారి పైకి లేచాయి. ఆ పెదాలు ఆగితే చాలు, లేదా వాటి వెనక కొంచెం గొంతు కలిస్తే చాలు, అంతా అయిపోతుంది. పాపక్క ఆగలేదు. గొంతూ కలపలేదు. కళ్ళు మళ్ళీ కాగితం మీదికి దించి తర్వాతి మాట అందించింది. నీ స్నేహితుడు ఎట్లుండాడు అని అడిగినాడు. వేదిక మీద పంపు ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. వెంకటరమణప్ప మొహంలో ఏదో కదిలింది. అది ఏడుపు కాదు, మన్నింపు కోరడమూ కాదు. మెత్తటి కుర్చీలో మొదటిసారి కూర్చున్న మనిషి మొహం.

అంజినప్ప ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు పుష్పావతి రాయలేదు. అతనికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఉండనీ అనుకుంది.

బాగుండాడు సార్ అన్న్యా. సాసర్లో వొలికిన టీ కూడా తాగేసినా. పాపక్క కాగితం మడిచింది. వెంకటరమణప్ప వంగి, బొటనవేలితో టైరు నొక్కి చూశాడు. టైరు గట్టిగా ఉంది. పంపు షాపతని కాళ్ళ దగ్గర జాగ్రత్తగా పెట్టాడు. దీపాలు ఆరిపోయాయి.

చీకట్లో కాసేపు ఏమీ వినిపించలేదు. పుష్పావతి కంగారు పడలేదు. వినిపించకూడదు కూడా. తర్వాత వెనక వరసల నుంచి, మరిచిపోయినాడన్న వైపు నుంచే, చప్పట్లు మొదలై ముందుకు వచ్చాయి.

వెంకటేశ్వర్లు మైకు పట్టుకుని, ఈ నాటిక ద్వారా మనం నేర్చుకోవలసినది ఏమిటంటే అని మొదలుపెట్టాడు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన చెయ్యి ఎత్తి, అదంతా సరే సార్, ఆయన మేనేజరుకు పేరు చెప్పినాడా లేదా అని అడిగాడు. వెంకటేశ్వర్లు చుట్టూ చూసి, అది రచయిత్రిగారే చెప్పాలి అని పుష్పావతిని పిలిచాడు. ఆమె వేదిక మీదికి వచ్చి అందరికీ నమస్కారం పెట్టింది. మైకు దగ్గరికి జరిగి, భోజనాలు సిద్ధంగా ఉన్నాయట, అందరూ తిని వెళ్ళాలి అని చెప్పి దిగిపోయింది.

లోపలి గదిలో వెంకటరమణప్ప తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. అంజినప్ప ఇంకా షాపతని ఖాకీ చొక్కాలోనే ఉన్నాడు. ఆయన ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నాటకం అయిపోయిందన్నా. ఇప్పుడైనా చెప్పు. నువ్వేనా?"

వెంకటరమణప్ప తువ్వాలు దించి అతని వైపు చూశాడు. నోరు తెరిచాడు. అలవాటు ప్రకారం భార్య వైపు తిరిగాడు.

పాపక్క మడిచిన కాగితం సంచిలో పెట్టుకుని, జిప్పు లాగింది. "మొదటి బంతి లేస్తాండారు" అంది పుష్పావతితో. "పద పుష్పమ్మా, హోళిగ అయిపోతే మళ్ళీ దొరకదు."